జ్వరం తగ్గింది, మరి చెవుల సంగతి?

మెదడు పొరలకు బాక్టీరియా సోకితే వచ్చే మెనింజైటిస్ నుంచి బయటపడి బిడ్డ ఇంటికి చేరితే, ఆ ఇంట్లో అందరికీ పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు ఉంటుంది. ఉండదా మరి! ఈ జబ్బు సోకిన ప్రతి ఆరుగురిలో ఒకరు చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన ఇబ్బందులు మిగిలిపోతాయని చెబుతున్నదీ ఆ సంస్థే. ఫిట్స్, కాళ్లూ చేతుల్లో బలం తగ్గడం, తలలో నీరు చేరడం, చదువులో వెనకబడటం... వీటన్నిటికంటే ఎక్కువమందికి మిగిలేది వినికిడి లోపం. బయటికి కనబడనిదీ అదే.

తనకు వినబడటం లేదని పసిబిడ్డ చెప్పలేడు. పిలిస్తే పలక్కపోతే జబ్బుపడి లేచాడు కదా, నీరసం అనుకుంటాం. రెండేళ్లు దాటినా మాట రాకపోతే "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని సర్దిచెప్పే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. బడికి వెళ్లాక మొండివాడన్న పేరు వస్తుంది. ఈలోగా కొందరు పిల్లల్లో లోపలి చెవిలోని కాక్లియా, నత్తగుల్లలా ఉండే భాగం, ఎముకలా గట్టిపడిపోతుంది. దానికి ఏళ్లు పట్టదు, కొన్ని వారాలు, నెలలు చాలు. అలా గట్టిపడ్డాక కాక్లియర్ ఇంప్లాంట్ తీగను లోపలికి పంపడం కష్టం. అందుకే వినికిడి పరీక్ష డిశ్చార్జికి ముందే జరగాలి, కుదరకపోతే 4 వారాల్లోపు. బెరా పరీక్షకు బిడ్డ జవాబు చెప్పనక్కర్లేదు. నిద్రపోతుండగా తలకు చిన్న తీగలు అంటించి చూస్తారు.

మన కుటుంబాలకు ఇంకో చిక్కుంది. తమిళనాడులోనో ఒడిశాలోనో తరాలుగా ఉంటున్నా చాలా ఇళ్లలో తల్లికి బాగా అర్థమయ్యేది తెలుగే. డాక్టరు చెప్పేది అక్కడి భాషలో, డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో. వినికిడి పరీక్షకు మళ్లీ రమ్మన్న ఒక్క వరస అందులో ఉన్నా, ఆ కాగితం మడతపడి బీరువాలోకి వెళ్తుంది. చదువుకున్న యువతీ యువకులను మేము అడిగేది ఇదే: మీ అక్క బిడ్డో పక్కింటి బిడ్డో ఈ జబ్బు నుంచి లేచి వస్తే ఆ కాగితం తీసి చదవండి. పరీక్ష ఊసు లేకపోతే తల్లితో ఆసుపత్రికి వెళ్లి మీరే అడగండి.

ఖర్చుకు భయపడి ఆగేవాళ్లూ ఉన్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో 18 ఏళ్లలోపు పిల్లల వినికిడినీ ఉచితంగా చూస్తారు. ఇంప్లాంట్‌కు కేంద్రం అడిప్ పథకం ఉంది. దానికి ఆదాయ పరిమితితోపాటు వయసు పరిమితి కూడా ఉంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ముంబైలో అలీ యావర్ జంగ్ సంస్థ ఉన్నాయి. ఈ రెండో సంస్థకు సికింద్రాబాద్‌లోనూ, భువనేశ్వర్ దగ్గర జన్లాలోనూ కేంద్రాలున్నాయి.