జర్మను పాఠము

మా యెదురింటి అమ్మాయి నర్సు చదువు ముగించి, జర్మనీ దేశమున కొలువు చేయ నిశ్చయించుకొన్నది. ఉయ్యూరు నుండి బందరు రోడ్డు బస్సులో విజయవాడకు పోయి ఆ భాష నేర్చుకొనుచున్నది. అచ్చట నర్సుగా పూర్తి గుర్తింపు పొందుటకు సాధారణముగా బి2 అను మెట్టు వరకు భాష రావలయునట. భాషతోపాటు ఆ దేశపు ఆచార వ్యవహారములను గూర్చియు పాఠములు మొదలైనవి. రోగులకు సేవ చేయబోవు పిల్లకు ఈ ఆచారములతో పనియేమని మేమును మొదట ననుకొంటిమి.

సాయంకాలము బస్సు దిగి, మా వసారాలో కూర్చుండి ఆనాటి పాఠము చెప్పుట ఆ పిల్లకు వాడుక. అచ్చట ఆదివారమున దుకాణములు దాదాపు అన్నియు మూసియుండునట. ఆ దినపు విశ్రాంతిని వారి రాజ్యాంగమే కాపాడుచున్నదట. మనకు 'నువ్వు', 'మీరు' ఉన్నట్లే వారికి 'దు', 'జీ' అని రెండు మాటలున్నవట. పరిచయము లేని పెద్దలను 'దు' అన్నచో మర్యాద తప్పినట్లే. ఇది విని ఆ పిల్ల నాయనమ్మ, "అయితే మనలాంటి వాళ్లేనన్నమాట" అని కొంత కుదుటపడినది.

ఒకనాడు ఆ పిల్ల చిన్నబుచ్చుకొని వచ్చి, "పిన్నిగారూ, వాళ్ల భాషలో అమ్మాయి అనే మాట నపుంసక లింగమట!" అన్నది. మేము నవ్వి, "సంస్కృతములో భార్యకు కళత్రమని పేరు, అదీ నపుంసకమే. దార అన్నా భార్యే, అది పుంలింగము. మన తెలుగులో మాత్రమేమి? అమ్మాయీ వచ్చింది, ఆవూ వచ్చింది" అంటిమి. మా తండ్రిగారి వద్ద మేము చదివిన శాకుంతలమును 1791లో గెయోర్గ్ ఫోర్‌స్టర్ జర్మను భాషలోనికి తెచ్చెననియు, గోథే మహాకవి దానిని చదివి మిక్కిలి మెచ్చెననియు ఆ పిల్లకు చెప్పితిమి. 1746లో ఆ దేశపు హాలే నగరముననే బెంజమిన్ షుల్ట్‌జే అను మతబోధకుడు తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. మన భాషలో తొలి అచ్చుపుస్తకములు అవియే.

క్రిందటి వారము మాత్రము ఆ పిల్ల కన్నీళ్లతో వచ్చినది. ఉపాధ్యాయురాలు ఒక సంగతి వడివడిగా చెప్పి, "అర్థమైనదా?" అని యడుగగా అందరును తల యూపిరట. తిరిగి చెప్పుమనగా ఒక్కరికిని నోరు రాలేదట. అప్పుడామె, "ఆసుపత్రిలో డాక్టరు మందు మోతాదు చెప్పినప్పుడు కూడ ఇట్లే తల యూపుదురా? మరల అడుగుట అక్కడ అమర్యాద కాదు; తెలియక తెలిసినట్లుండుటయే తప్పు" అన్నదట.

"పెద్దవాళ్లని మళ్లీ అడిగితే ఎదురు చెప్పినట్టేగా పిన్నిగారూ, మా ఇంట్లో! నాకు నోరు పెగలలేదు" అని ఆ పిల్ల వెక్కివెక్కి యేడ్చినది.

మాకు మనస్సు చివుక్కుమన్నది. మా అమ్మాయి లెక్క తెలియక రెండవమారు అడిగినప్పుడు, "ఒకసారి చెపితే వినవా?" అని కసరినది మేమే గదా! అత్తవారింటికి పోవు శకుంతలకు కణ్వమహర్షి, పెద్దలను సేవింపుమనియు, భర్త నొప్పించినను కోపముతో ఎదురాడకుమనియు, పరిజనులయెడ దయ గలిగియుండుమనియు చెప్పెను. తెలియనిది అడుగుమను మాట అందు లేదు. నేటికిని కూతుండ్రను పంపునప్పుడు మనమిచ్చు బుద్ధులు ఇంచుమించు అవియే. కాని నర్సు అడుగని మాటకు రోగి ప్రాణము పోవచ్చును.

ఆనాటి నుండి ప్రతి సాయంకాలము మేమేదో యొక సంగతి వేగముగా చదువుట, తెలియనప్పుడు ఆ పిల్ల ఆపి, "ఇష్ హాబే దాస్ నిష్ట్ ఫెర్‌ష్టాండెన్" అనుట అలవాటు చేసితిమి. నాకిది అర్థము కాలేదని దానికి భావము. మొదటి దినమున గొంతు వణకినది. ఇప్పుడు ధైర్యముగా అనుచున్నది. నాయనమ్మకును ఆ మాట నోటికి వచ్చినది. కూరలమ్మి ధర చెప్పినప్పుడెల్ల అదే మాట యనుచున్నది!

సోదరీమణులారా, మన పిల్లలందరును జర్మనీకి పోరు. కాని బడికి పోదురు, బ్యాంకుకు పోదురు, మరియొక యింటికి పోదురు. రెండవమారు అడిగిన పిల్లను నేడు మీరు కసరకుడు. మేమును కసరకుండుటకు ప్రయత్నించుచున్నాము.