పెండ్లి గ్రూపు ఫోటో: ఎక్కడ, ఎప్పుడు?



కొన్నేండ్ల క్రిందట మే నెలలో, పాలకొండ దగ్గర ఒక గ్రామములో వివాహము జరిపించాను. పెండ్లివారి బస్సు ఆలస్యము వలన ఆరాధన పదిన్నరకు గాని మొదలు కాలేదు. నా ప్రసంగము కూడా కొంత సాగింది, ఒప్పుకోవాలి. గుడి ముందు గ్రూపు ఫోటోకు నిలబడేసరికి పన్నెండు. "పొద్దు నెత్తి మీదికొచ్చేసినాది అయ్యగారూ" అని ఫోటోగ్రాఫరు అంటూనే ఉన్నాడు. "కానియ్యి బాబూ, భోజనాలకు వేళౌతుంది" అన్నది నేనే.

ఆ సంవత్సరమే పెండ్లికుమార్తె నాయనమ్మగారు ప్రభువునందు నిద్రించారు. ఆదరణ కూడికలో పెట్టడానికి ఆమెకు వేరే ఫోటో లేదు. ఆ గ్రూపులోనిదే పెద్దది చేయించారు. కండ్లున్న చోట రెండు నల్లని గుంటలు! కొడుకు దాన్ని చాలాసేపు చూచి, "మా యమ్మ ఇలాగుండేది కాదు అయ్యగారూ" అన్నాడు. నాకు మాట రాలేదు.

శ్రీకాకుళంలో మే నెల మధ్యలో ఉదయం 11.50 ప్రాంతములో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నుదురు మెరుస్తుంది, కండ్లు చీకటౌతాయి. వధువు తెల్లచీర వెలిసిపోయినట్లు పడుతుంది, వరుని కోటు నల్లముద్దౌతుంది. కొబ్బరి, వేప చెట్ల క్రింద నిలబడితే ముఖాలపై ఎండ చుక్కలు. ఎర్ర షామియానా క్రిందైతే అందరూ ఎర్రగానే! దట్టమైన మామిడితోపు అంచున, ఆరుబయలు వైపు ముఖము పెట్టి నిలబడటము మేలు. వేసవిలో సాయంత్రము నాలుగు దాటాక గుడికి తూర్పు గోడ ప్రక్కన చక్కని నీడ ఉంటుంది. డిసెంబరులో పొద్దు దక్షిణానికి ఒరుగుతుంది గనుక ఉత్తరపు గోడ ప్రక్కన రోజంతా నీడే. అయితే క్రిస్మసు రోజులలో ఐదున్నరలోపే పొద్దు గూకుతుంది, జాగ్రత్త.

మన యౌవనస్థులు కళింగపట్నం, బారువ తీరాలకు పోదామంటున్నారు. పోవచ్చు. కాని మన సముద్రము తూర్పున ఉంది. ఉదయము సముద్రాన్ని వెనుక పెట్టుకుంటే ముఖాలు నల్లబడతాయి. సినిమాలో వలె సముద్రములో పొద్దు గూకడము మన తీరాన కనబడదు. సాయంత్రము ఎండ మెత్తబడ్డాక తీయించుకోండి.

ముసలివారిని మాత్రము ఇసుకలో నడిపించవద్దు. ఉదయము ఎనిమిదింటికే, ఆరాధనకు ముందు, గుడి వరండా అంచున కుర్చీలు వేసి, ఒక్కొక్కరికీ విడిగా ఒక ఫోటో తీయించండి. ప్రసంగము సంగతి నేను చూచుకుంటాను.