రసీదు లేని బేరం

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బిడ్డ పాలిటెక్నిక్‌లో చేరగానే ఇంట్లో వచ్చే మొదటి మాట కంప్యూటరు. కొత్తది కొనే స్తోమత లేని మన కుటుంబాలు పాతదాని కోసం వెదకడంలో తప్పు లేదు. అమ్మేవాడికి అది ఎలా వచ్చిందో అడగకపోవడమే తప్పు.

దొంగసొత్తని తెలిసి గాని, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గాని, దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317(2) సెక్షను కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తెలియక కొన్నవాడు నేరస్థుడు కాడు. కాని సగం ధరకు, కాగితం లేకుండా కొన్నవాడు ఆ మాట నమ్మించడం కష్టం. నమ్మించినా వస్తువు దక్కదు. దొంగకు లేని హక్కు కొన్నవాడికి సంక్రమించదన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టం సూత్రం. హలాల్ సంపాదన అలా చేజారిపోవడం మాకు బాధ కలిగిస్తుంది.

కనుక మొదటి బిల్లు అడగండి. అందులోని సీరియల్ నంబరు యంత్రం అడుగున ఉన్నదానితోనూ, బయోస్‌లో కనిపించే దానితోనూ సరిపోవాలి. స్టిక్కరు గీకేసి ఉన్నా, పాస్‌వర్డు అమ్మేవాడికే తెలియకపోయినా ఆ బేరం వదులుకోండి. ప్రభుత్వ కార్యాలయాల యంత్రాలపై స్టాకు నంబరు రాసి ఉంటుంది. కాలం చెల్లినవి వేలంలో అమ్ముతారు. ఆ వేలం రసీదు చూపలేనివాడి వద్ద అటువంటివి కొనవద్దు.

అమ్మినవాడి పేరు, చిరునామా, సీరియల్ నంబరు, ధర, తేదీ రాయించి సంతకం తీసుకోండి. గుర్తింపు కార్డు నకలు జతచేయండి. సొమ్ము బ్యాంకు ద్వారానే చెల్లించండి. పేరు వినగానే అనుమానించేవారు ఉన్న చోట మన పిల్లల నిర్దోషిత్వానికి ఈ కాగితాలే సాక్ష్యం.

అయినా పోలీసులు పిలిస్తే తప్పించుకు తిరగవద్దు. ఈ నేరంలో అరెస్టు తప్పనిసరి కాదు. నాగరిక సురక్షా సంహిత 35(3) ప్రకారం నోటీసు ఇచ్చి పిలవవచ్చు. యంత్రం స్వాధీనం చేసుకుంటే అందుకు కాగితం అడగండి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

మసీదు కమిటీలకు, యువజన సంఘాలకు మా విన్నపం ఒక్కటే. కళాశాలలు తెరిచే ముందు, కంప్యూటరు సంగతులు తెలిసిన ఒక యువకుణ్ణి ఈ కుటుంబాల వెంట బేరానికి పంపండి. రసీదు అడగడానికి మొగమాటపడే తల్లిదండ్రుల తరఫున అతడు అడుగుతాడు.