నందికొండ మీద తాతామనవళ్ళు

క్రిందటి నెల ఈ పుట ఆలస్యంగా అందినందుకు సంపాదకులు మమ్ము మన్నించినారు. పాఠకులకు మాత్రం కారణం చెప్పుకోవలసి ఉన్నది. కారణం మా కుడి మోకాలు. మోకాలికి కారణం నందికొండ.

సంక్రాంతి వెళ్ళిన శనివారం తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ బయలుదేరినాము. బెంగుళూరు నుండి అరవై కిలోమీటర్లు. కారు కొండపైదాకా పోతుంది. “నాన్నగారూ, మీరు కారులోనే రండి” అన్నాడు అబ్బాయి. మాకు డెబ్బదిరెండు నిండినవని వాడికి జ్ఞాపకం. కొండ ఎత్తు 1,478 మీటర్లని మాకు జ్ఞాపకం. అందులో సగానికి పైగా బెంగుళూరులో కాపురమున్న పుణ్యాన ఊరికే వచ్చినది గదా, మిగిలిన కాస్తా మెట్లదారిన ఎక్కుతామన్నాము. పదేళ్ళ మనుమడు మాతో వస్తానన్నాడు. మా ఇంటావిడ మాత్రం పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకొని, “పైన ఉంటాము, వస్తే తినండి” అన్నది.

కొండ క్రింద జామపండ్లు అమ్మే ముసలామె మమ్ము చూచి, “ఏం తాతా, మెట్లెక్కతావా? నిదానంగా పో” అన్నది. మనుమడు తెల్లబోయినాడు. ఇంటి బయట తెలుగు వినబడడం వాడికి వింత. చిక్కబళ్ళాపురం సీమలో తెలుగు ఎవరో తెచ్చిపెట్టినది కాదనీ, ఆమె తాత కూడా ఈ మాటే మాట్లాడి ఉంటాడనీ చెప్పినాము.

మెట్ల లెక్క అరవైతో విడిచిపెట్టినాము. ఏళ్ళ లెక్క కూడా అక్కడే విడిచిపెట్టి ఉంటే బాగుండేది.

మంచు విడుస్తుండగా ఒక చెట్టు కొమ్మ మీద పసుపుపచ్చని పిట్ట, కంటికి నల్లని కాటుక. మనుమడు ఫోను తీసి అడిగినాడు. అది ఇంగ్లీషులో ‘ఓరియోల్’ అన్నది. “కాదురా, వంగపండు” అన్నాము. వాడు విరగబడి నవ్వినాడు. వంకాయ ఊదారంగు గదా, ఈ పిట్టకు ఆ పేరేమిటన్నాడు. పాపం, వాడెరిగినది బుట్టలో కొన్న వంకాయ. విత్తనానికని పాదున విడిచిన కాయ పండి పచ్చగా మారడం వాడెన్నడు చూచినాడు? మా అమ్మమ్మ పెరటిలో అటువంటి పండు ఒక్కటైనా ఉండేది. ఆ పిట్టకు ఆ పేరు పెట్టినవారెవరో గాని, కాయలు విత్తనానికి విడిచే ఇంటివారే అయి ఉంటారు. చలికాలంలో ఉత్తరాది నుండి దిగివచ్చే ఆ పిట్ట మన పెరటి రంగుతోనే మనవాళ్ళకు గుర్తు.

తరువాత వాడు పికిలిపిట్టను చూపినాడు, మేము పేరు చెప్పినాము. పాలపిట్ట, పసరికపిట్ట, వడ్రంగిపిట్ట ఎట్లుంటవో అడిగినాడు, చెప్పినాము. మా గొప్ప మాకే నచ్చింది. ఇంతలో వాడు ఆగి, “తాతా, అదుగో, ఎంత సన్నగా కూస్తోందో!” అన్నాడు. మేము చెవి ఒగ్గినాము. గాలి తప్ప ఏమీ లేదు. “ఇక్కడే తాతా, నీ తలమీదనే!” చూస్తే పూలపొదలో తేనెపిట్ట. ముక్కు తెరచి మూస్తున్నది. మాకు మాత్రం మూగబొమ్మ.

వయసు మళ్ళినప్పుడు ముందుగా చెవికి అందకుండా పోయేవి సన్నని హెచ్చుస్థాయి ధ్వనులేనట. రెండేళ్ళుగా కోడలు, “మామయ్యగారూ, టీవీ సద్దు కాస్త తగ్గించండి” అంటుంటే, ఈ కాలపు పిల్లలు గొణుగుతారని సరిపెట్టుకొన్నాము. తేనెపిట్ట గొణుగుతున్నదని ఎట్లా అనేది? ఎన్నేళ్ళుగా మా తలమీద ఎన్ని పిట్టలు కూసి పోయినవో!

మనుమడికి మా మొగము చూచి జాలి కలిగింది కాబోలు, “నేను విని చెబుతాలే, నీవు పేరు చెప్పు” అన్నాడు. ఆ ఒడంబడికతోనే మిగిలిన మెట్లెక్కినాము.

పైన టిప్పు కోట గోడ మీద కోతులు మా పులిహోరలో తమ వంతు అప్పటికే పుచ్చుకొన్నవి. గాంధీగారు 1927లోనూ 1936లోనూ విశ్రాంతికి ఇక్కడికి వచ్చినారని అబ్బాయి వివరిస్తుంటే మేము ఉత్తరంగా చూపి, ఆ పక్కనున్న చెన్నకేశవకొండలోనే పెన్న పుడుతుందనీ, అనంతపురం, కడప దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుందనీ మనుమడికి చెప్పినాము. మా పెద్దలు ఆ నీటికి ఎదురు నడచి వచ్చినవారే.

కడప మాట రాగానే కలివికోడి కథ చెప్పక తప్పలేదు. నెల్లూరులో పనిచేసిన జెర్డన్ అనే దొర, సైన్యపు వైద్యుడు, 1848లో దానిని లోకానికి తెలిపినాడు. తన పక్షిశాస్త్ర గ్రంథంలో మన తెలుగు పేర్లు కూడా అచ్చువేయించిన మహానుభావుడాయన. 1900 తరువాత ఆ పిట్ట ఎవరికీ కనబడలేదు, అంతరించినదనుకొన్నారు. 1986లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు కడప జిల్లా పల్లెల్లో బొమ్మ చూపి అడిగితే, అక్కడివాళ్ళు ‘కలివికోడి’ అన్నారు. కలివి పొదల్లో రాత్రిపూట తిరిగేది గనుక ఆ పేరు. ఒక వేటగాడు దానిని ప్రాణంతో పట్టి తెచ్చినాడు కూడా. పండితులు లేదనుకొన్న ఎనబది ఆరేళ్ళూ దాని పేరు ఆ ఊళ్ళలో నడుస్తూనే ఉన్నది.

“ఆ పేరు ఎవరూ చెప్పకపోయి ఉంటే?” అన్నాడు మనుమడు. మా ఇంటావిడ వాడి చేతిలో మిగిలిన పులిహోర పెట్టింది.

దిగడం కారులోనే. మోకాలు వారంరోజులు మంచం దిగనివ్వలేదు. తగ్గగానే ఎవరూ చెప్పకుండానే చెవి డాక్టరు దగ్గరకు పోయినాము. చెవియంత్రంతో మొదట వినబడినది తేనెపిట్ట కాదు, వంటింట్లో మా ఇంటావిడ కోడలితో మమ్ము గూర్చి చెప్పుచున్న మాటలు. అవి ఇక్కడ వ్రాయము.

మనుమడు ఒక నోటుబుక్కు పెట్టినాడు. ఎడమవైపు ‘నేను విన్నది’, కుడివైపు ‘తాత పేరు’. తెలుగు అక్షరాలు వంకరగా ఉన్నా తానే వ్రాసినాడు. పదునాలుగు పేర్లయినవి. ఒకే పిట్టకు సీమకొక పేరు ఉంటుంది గనుక, బరంపురంలోనో, యానాంలోనో, మధురలోనో మీ అమ్మమ్మలు వంగపండును మరొక పేర పిలిచేవారైతే ఒక కార్డు వ్రాయండి. అక్షరాలు కాస్త పెద్దవిగా వ్రాయండి. కండ్ల సంగతి మరొక నెల.