కీబోర్డు ఎవరిది, ఓటీపీ ఎవరికి?

మొన్న సంక్రాంతికి రామసముద్రం పోయినప్పుడు మా పిన్నమ్మ ఇంట్లో ఒక కీబోర్డు చూశాను. చీకటి గదిలో ఎర్రగా, నీలంగా వెలుగుతోంది. పక్కన ఆరేడు బటన్ల మౌసు, చెవుల్ని పూర్తిగా మూసేసే హెడ్‌ఫోన్లు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా ధర ఆకాశాన్నంటినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో తమ్ముడికి కొనిచ్చారట. ఆ తోటలో నారు నాటిందీ, కాయ కోసిందీ పిన్నమ్మ. "చదువుకి కావాలన్నాడు" అంది. వాడు గేములాడుతున్నాడని ఆమెకూ తెలుసు. ఆడుకోనీ, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఒక వ్యాసం టైపు చేసుకుందామని నేను కుర్చీ లాక్కోగానే, "వద్దు పాపా, వాంది ముట్టుకుంటే వానికి కోపం" అని నా చెయ్యి పట్టుకుంది.

పిన్నమ్మది బటన్ల ఫోను. పొదుపు సంఘం అప్పు ఆమె పేరున ఉంది, బ్యాంకు ఖాతా ఆమె పేరునే ఉంది. ఖాతాకిచ్చిన నంబరు మాత్రం కొడుకుది. "ఓటీపీ వాని ఫోనుకే వస్తాది. వాడు చెప్తేనే నాకు తెలిసేది" అంది మామూలుగా. 1990ల మొదట్లో చిత్తూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, బడి మానేసిన ఈ పిన్నమ్మే రాత్రిబడిలో సంతకం నేర్చుకుంది. ఇప్పుడు ఆ సంతకం అడిగేవాళ్లు తగ్గిపోయారు. అడిగేది ఆరంకెలు. అవి కొడుకు జేబులో ఉంటాయి.

ఇది ఒక్క పిన్నమ్మ కథ కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-20) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు ఆడవాళ్లలో నూటికి 21 మంది, మగవాళ్లలో దాదాపు 49 మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. ప్రభుత్వమూ ఫోన్లోకి వచ్చేసింది. 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో 161 సేవల్ని వాట్సప్‌లో పెట్టింది. క్యూలో నిలబడే బాధ తప్పిందని సంతోషించాం. కానీ క్యూలో నిలబడ్డ ఆడమనిషి తన అర్జీ తనే ఇచ్చుకునేది. ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉందో అడగకుండా ఫోన్లోకి సేవలు పంపడమంటే, ఆమెకూ ప్రభుత్వానికీ మధ్య మళ్లీ ఒక మగవాణ్ణి కూర్చోబెట్టడమే.

యంత్రానికి ఆడా మగా తేడా ఉండదంటారు. చరిత్ర అలా చెప్పదు. ఇంగ్లీషులో ఒకప్పుడు 'టైప్‌రైటర్' అంటే మిషనూ, దాని ముందు కూర్చున్న అమ్మాయీ కూడా. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాసింది ఆరుగురు ఆడవాళ్లు. వాళ్ల పేర్లు బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది. 1989లో నింటెండో చేతిలో పట్టే ఆటమిషన్ తెచ్చి దానికి 'గేమ్ బాయ్' అని పేరు పెట్టింది. పని మిషనుకి అమ్మాయి, ఆట మిషనుకి అబ్బాయి.

మన ఊళ్లలోనూ అంతే. అచ్చనగండ్లూ తొక్కుడుబిళ్లా పెద్దమనిషి అయ్యే దాకానే. ఆ తర్వాత ఆడపిల్ల చేతికి ఆట ఉండదు, పనే ఉంటుంది. ఫోన్లో పావుగంట క్యాండీ క్రష్ ఆడే గృహిణి ఎవరైనా వస్తే దాన్ని బోర్లా పెట్టేస్తుంది. పబ్జీ ఆడే కొడుక్కి ఆ అవసరం రాలేదు. 2020లో ప్రభుత్వం నిషేధించినప్పుడు వాడి దుఃఖం ఇల్లంతా పంచుకుంది.

ఇతరుల్ని అనే ముందు నా సంగతి చెప్పాలి. నా సిద్ధాంత గ్రంథం టైపు చేసింది ఒక డీటీపీ సెంటర్లో పనిచేసే అమ్మాయి. అను ఫాంట్లలో ఏ వత్తు ఏ మీటకింద ఉందో ఆమె వేళ్లకు కంఠతా. నా వాక్యాల్లో తప్పులు దిద్దింది, ఒకచోట ఉటంకింపు రెండుసార్లు వచ్చిందని పట్టుకుంది. కృతజ్ఞతల పేజీలో గైడుకీ, లైబ్రరీకీ, భర్తకీ ధన్యవాదాలు రాశాను. ఆ పేజీ కూడా ఆమే టైపు చేసింది. అందులో ఆమె పేరు లేదు. ఇప్పుడు అందరం యూనికోడ్‌కి మారాం, మారాల్సిందే. కానీ ఏళ్ల తరబడి ఆమె వేళ్లలో చేరిన విద్య విలువ తగ్గిపోతే ఆమె ఏం చేసిందని మనలో ఎంతమంది అడిగాం? స్త్రీల శ్రమ అదృశ్యమవుతోందని నాలుగొందల పేజీలు రాసిన నేను అడగలేదు.

"కుటుంబ హింసా, కూలీ రేట్లూ ఉండగా మౌసులూ గేములూ ఒక సమస్యా?" అని కొందరు మిత్రులు అనవచ్చు. కూలి డబ్బు పడే ఖాతాకి నంబరు ఎవరిదో, కొట్టినప్పుడు ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచిస్తే ఇది పక్క సమస్య కాదని తెలుస్తుంది. "ఫోనిస్తే ఆడపిల్లలు చెడిపోతారు" అనేవాళ్లకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. చదువు గురించీ ఇదే మాటన్నారు.

వర్జీనియా వుల్ఫ్ 1929లో ఆడవాళ్లకి సొంత గది కావాలంది, డబ్బు కూడా కావాలంది. డబ్బు సంగతి మనం తరచు మరిచిపోతాం. ఈరోజు ఆ డబ్బుకి తాళంచెవి సొంత నంబరు. కాబట్టి మన సభల్లో ఈ అడగడం మొదలుపెడదాం: పొదుపు సంఘం ప్రతి సభ్యురాలి ఖాతాకీ ఆమె నంబరే ఉండాలి. ఫోను లేనివాళ్లకి మనిషి ఉన్న కౌంటరు ఉండాలి. మనం వేసే ప్రతి పుస్తకంలో టైపు చేసినవాళ్ల పేరు ఉండాలి. ఇంట్లో కంప్యూటరుంటే కూతురికీ దానిమీద ఆడుకునే గంట ఉండాలి, ఊరికే ఆడుకోవడానికి.

బయల్దేరే ముందు పిన్నమ్మని బ్యాంకుకి తీసుకెళ్లి నంబరు మార్పించాను. ఫారం మీద సంతకం పెట్టడానికి ఆమె చాలాసేపు తీసుకుంది. "పెట్టి శానా దినాలయింది పాపా" అంది. మరుసటి వారం తమ్ముడు ఫోన్ చేశాడు, నన్నడక్కుండా ఎందుకు మార్చావని.