కోతల వేళ రాళ్ల వాన

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో యాసంగి వరి కోతలు మార్చి చివర మొదలై ఏప్రిల్ అంతా సాగుతాయి. రాళ్ల వానలు పడేదీ ఆ రోజుల్లోనే. గింజ ముదిరిన చేను మీద పది నిమిషాలు వడగళ్లు పడితే చాలు, వడ్లు మడిలో రాలి వట్టి గడ్డి మిగులుతుంది. అప్పటికి ఎరువులు, మందులు, కూలీల ఖర్చంతా పెట్టేసి ఉంటాడు రైతు.

2023 ఫిబ్రవరి పగటి ఉష్ణోగ్రతల్లో 1901 తర్వాత దేశంలో అత్యంత వేడి ఫిబ్రవరి అని వాతావరణ శాఖ తేల్చింది. మరుసటి నెల మూడో వారంలో తెలంగాణను వడగళ్లు ముంచెత్తాయి. మార్చి 23న ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో దెబ్బతిన్న చేలు చూసిన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రెండు లక్షలకు పైగా ఎకరాల్లో నష్టం జరిగిందని చెప్పి ఎకరాకు రూ.10 వేలు ప్రకటించారు. ఏప్రిల్ చివర మళ్లీ వానలు పడి కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం తడిసింది.

ఎండలు ముదిరే వేళ విదర్భ నుంచి తెలంగాణ మీదుగా దక్షిణానికి తరచూ ద్రోణి ఏర్పడుతుంది. బంగాళాఖాతం తేమ గాలి, వాయవ్యం నుంచి వచ్చే పొడి గాలి అక్కడ కలుస్తాయి. కాగిన నేల మీది గాలి ఉధృతంగా పైకి లేచి, దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తున సున్నా డిగ్రీల గీత దాటుతుంది. నీటి బిందువులు అక్కడ పొరలు పొరలుగా గడ్డకట్టి, గాలి మోయలేనంత బరువెక్కాక రాలిపడతాయి. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. మేఘానికి అది బలం. అయితే ఆ సున్నా గీత కూడా పైకి జరుగుతుంది కనుక చిన్న వడగళ్లు దారిలోనే కరిగి, పెద్దవే నేలను తాకే అవకాశం ఉంది. వడగళ్ల ధోరణిపై ఆధారాలు ఇంకా బలహీనమేనని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం (ఐపీసీసీ) ఆరో నివేదిక చెప్పింది. కాబట్టి ప్రతి రాళ్ల వాననూ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం తొందరపాటే. కానీ కోతలూ వడగళ్లూ ఒకే నెలలో తారసపడుతున్నాయన్నది ఏ నివేదికా అక్కర్లేకుండానే కనిపిస్తున్న నిజం.

పంటను ముందుకు జరిపి మార్చిలోనే కోతలు ముగించాలని 2023లో ప్రభుత్వమే సూచించింది. మంచి మాటే. కానీ నాగార్జునసాగర్ ఎడమకాల్వ కింద నాటు తేదీ రైతు చేతిలో లేదు, నీరు వదిలే తేదీలో ఉంది. ముందే నారు పోస్తే చలికి సరిగా ఎదగదు. అందుకే తక్కువ కాలంలో పండి, చలిని తట్టుకునే రకాల విత్తనం నాట్లకు ముందే అందాలి.

నష్టపోయాక ఆదుకునే తీరు మరీ అన్యాయం. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వడగళ్ల నష్టాన్ని ఏ చేనుకు ఆ చేనుగా లెక్కిస్తారు, 72 గంటల్లో చెబితే చాలు. కోసి ఆరబెట్టిన పంటకూ 14 రోజుల దాకా రక్షణ ఉంది. 2020లో రాష్ట్రం ఆ పథకం నుంచి బయటికి రావడంతో 2023లో రైతుకు ఆ దారి లేదు. అప్పటి విపత్తు నిధి నిబంధనల ప్రకారం 33 శాతం పంట పోయాకే, నీటి వసతి ఉన్న హెక్టారుకు రూ.17 వేలు, అదీ 2 హెక్టార్ల వరకే. ఎకరాకు 7 వేలు కూడా రాదు. కౌలు రైతుకు కాగితం లేకుంటే అదీ అందదు.

సాగర్ నీటి విడుదల తేదీని వానాకాలం కోతల నాటికే ప్రకటించాలి. యాసంగి నష్టాల నమోదులో పట్టాదారు పేరు పక్కన చేను దున్నుతున్న కౌలుదారు పేరూ రాయాలి.