నానమ్మ మంచం ఎక్కడ?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొనడం మాత్రం తేలికా?

2016లో మెదక్ జిల్లా కేంద్రమైంది. అంతకుముందు కలెక్టరాఫీసు పనికి సంగారెడ్డి పోవలసి వచ్చేది. ఇప్పుడు మా ఊరి రైతులు కొందరు మెదక్‌లోనే ఇళ్ళు చూసుకుంటున్నారు. మేమూ అంతే. నానమ్మ పేరనున్న ఎకరం అమ్మి, మూడు తరాలం కలిసుండే ఇల్లు కొనాలని మా నాయిన నిశ్చయించాడు.

మొదట చూసిన ఇంటికి కింద దుకాణాలు, పైన రెండు పడకగదులు. మెట్లు పదిహేడు. నానమ్మ కిందనే నిలబడి, "నా మంచం యాడ ఏస్తర్రా?" అన్నది. ఎవరమూ పలకలేదు.

మిత్రులారా, తప్పు ఒక్క మాదే కాదు. తెలంగాణలో ప్రభుత్వం పేదలకు కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. ఒక గది దంపతులకు, ఒకటి పిల్లలకు. భాగహారంలో శేషంలా ముసలివాళ్ళు హాల్లో మిగులుతారు.

పోషిస్తామన్న షరతుతో ఆస్తి రాయించుకుని పోషించకపోతే, ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చని 2007 నాటి వయోవృద్ధుల చట్టం చెబుతోంది. మంచిదే. కాని కన్నకొడుకు మీద ఫిర్యాదుకు ఏ తల్లి మెట్లెక్కుతుంది? అందుకే కొనేనాడే రెండు పనులు జరగాలి. కింది అర్ర ఆమెకివ్వాలి. దస్తావేజులో ఆమె పేరుండాలి. పొలం ఆమెది, డబ్బు ఆమెది. ఇల్లు మాత్రం ఆమెది కాకుండా ఎట్లా పోతుంది?

ఈ మాటే నాయినతో అన్నాను. "నీకేం తెలుసురా" అని కసిరాడు. మర్నాడు బ్రోకరును మాత్రం కింద అర్ర ఉన్న ఇల్లే చూపమన్నాడు.

పేరు సంగతి ఇంకా తేలలేదు. నేను వదలను.